రాసినదానికి రెట్టింపు

జూన్ 3

వదినగారికి నమస్కారాలు.

ఎప్పుడూ మీ తమ్ముడే రాస్తారు కదా, ఈసారి నా చేతిరాత చూసి కంగారుపడకండి. ఆయన పక్కనే కూర్చుని ఉన్నారు. పెన్ను పట్టుకుంటే ఒక మాట బదులు ఇంకో మాట వస్తోందని నన్ను రాయమన్నారు. నా చదువు ఆరో తరగతితో ఆగిపోయింది. తప్పులుంటే సర్దుకుని చదవండి.

మొదటినుంచీ చెబుతాను. పోయిన నెల ఒక పొద్దున ఈయన మార్కెట్లో ఉల్లిపాయల బస్తాలు వేలం వేస్తున్నారట. "ఒకటోసారి, రెండోసారి" అన్నారు, ఆపైన ఆగిపోయారు. నోరు తెరిచే ఉంది, మాట రాలేదు. ధర ఇంకా పెంచడానికి నాటకమాడుతున్నాడని కొనేవాళ్ళు నవ్వారు. గుమాస్తా మోచేత్తో పొడిస్తే అప్పుడు "గొడుగు" అన్నారట. మూడోసారి అనాల్సిన చోట గొడుగు. ఆ రోజంతా మార్కెట్లో అందరూ ఆయన్ని గొడుగూ అనే పిలిచారు. ఇంటికొచ్చి ఆయనే చెప్పి నవ్వారు. నేనూ నవ్వాను. మర్నాడు చెంచాని తాళం అన్నారు. ఆ తర్వాత నన్ను పిలవడానికి నా పేరు వెతుక్కున్నారు. అప్పుడిక నవ్వలేదు.

ఆస్పత్రిలో ఎమ్మారై తీశారు. ఎడమ చెవికి పైన, లోపల గడ్డ ఉంది. మాటలు పుట్టే చోటు దానికి దగ్గరేనట. తలకి ఆపరేషన్లు చేసే డాక్టరు ఫొటో చూసి, నెమ్మదిగా పెరిగే రకంలాగే కనిపిస్తోంది అన్నారు. అయితే ఈ ఒక్క ఫొటో చూసి తేల్చనని, ఇంకోరకం ఎమ్మారై తీస్తే గడ్డ ఏ గ్రేడో కొయ్యకముందే చాలావరకు తెలుస్తుందని, దాన్నిబట్టి ఆపరేషన్ ఎప్పుడో, ఎంతవరకు తియ్యాలో చెబుతాననీ అన్నారు. ఒకటి మంచిది, నాలుగు చెడ్డది.

ఆపరేషన్ అనగానే మీ తమ్ముడు "మా అక్క ఊ అనాలి" అన్నారు. డాక్టరు నా వైపు చూశారు. నేను గోడ మీది గడియారం చూశాను.

కొండ మీది మీ హాస్టలు బడి ఆఫీసుకి ఫోన్ చెయ్యమన్నారు. చేశాను. అవతల మీ వార్డెన్ గొంతు వినపడగానే పెట్టేశాను. ఏమనుకోకండి.

మీ మరదలు

జూన్ 11

అమ్మాయికి,

నీ ఉత్తరం బట్టల గదిలో నిలబడే చదివాను. పిల్లల దుప్పట్లు లెక్కపెట్టి అల్మారాలో పెట్టే టైమది. ఆ తర్వాత ఎన్ని పెట్టానో, ఎక్కడ పెట్టానో తెలీదు.

రాసింది చదివాను, రాయనిదీ చదివాను. నెమ్మదిగా పెరిగే రకం అన్నావు. సరే. నాకర్థమైంది. నా దగ్గర ఇంకేమీ దాచక్కర్లేదు.

వాడి తల మీద కత్తి పెట్టనివ్వకు. ఉన్నన్నాళ్ళూ ఇంట్లో, తన మంచం మీద ఉండనీ. ఏది తినాలంటే అది పెట్టు. కిటికీ దగ్గర పడుకోవడం వాడికిష్టం, మంచం అటు జరుపు. నాకు ఇప్పట్లో సెలవివ్వరు. అమ్మ పోయాక వాణ్ణి చంకనేసుకుని పెంచినదాన్ని, ఇలాంటి ఉత్తరం కొండ మీద కూర్చుని చదవాల్సి వస్తుందనుకోలేదు.

ఒక మాట అడుగుతాను, కోపం తెచ్చుకోకు. పక్కనే ఉన్నదానివి, మాట తేడా పడుతుంటే ముందే కనిపెట్టలేకపోయావా? నోట్లో నాలుక లేకపోతే పోయె, మొహాన కళ్ళున్నాయి కదా.

అక్క

జూన్ 17

వదినగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం ఎందుకలా ఉందో నాకు అర్థం కాలేదు. మీరు ఆయన పేర రాయలేదు గానీ, మీ రాత చూడగానే లాక్కుని చదివారు. చదివి గోడవైపు తిరిగి పడుకున్నారు. "డాక్టరు అక్కకి వేరేగా ఏదో చెప్పాడు, నా దగ్గర దాచాడు" అన్నారు. మూడు పూటలు ఏమీ తినలేదు. డాక్టరుకి మీరెవరో కూడా తెలీదని నేను ఒట్టేస్తే, అప్పుడు లేచి మొహం కడుక్కున్నారు. నేను రాసినదాంట్లో లేనిది మీకెక్కడ కనిపించింది వదినగారూ? నేను ఉన్నది ఉన్నట్టే రాశాను. ఇదీ అలాగే రాస్తున్నాను. రాసినట్టే చదవండి, మీకు దణ్ణం పెడతాను.

రెండో ఎమ్మారై నిన్న అయింది. ఫొటోలు తీసే అమ్మాయి నాకన్నా ఏడాదో రెండేళ్ళో పెద్దదేమో. ఉంగరం, బెల్టు, జేబులో చిల్లర, చొక్కా గుండీ ఇనుపదని చొక్కా కూడా, అన్నీ తీయించి నా ఒడిలో పోసింది. నేను బయట బల్ల మీద ఆ మూట పట్టుకుని కూర్చున్నాను. గోడ అవతల నుంచి ఇనుప రేకు మీద ఎవరో సుత్తితో బాదుతున్నట్టు చప్పుడు. ఆగుతుంది, ఇంకో వరసలో మొదలవుతుంది.

అయ్యాక ఆ అమ్మాయి నా పక్కన కూర్చుని మంచినీళ్ళిచ్చింది. నేనేమీ అడగలేదు, నా మొహం చూసి తనే చెప్పింది. "మొదటి ఫొటోలో గడ్డ ఆకారం తెలుస్తుందండీ, దీంట్లో దాని బుద్ధి తెలుస్తుంది" అంది. చేతి నరంలోకి మందు పంపి, గడ్డలోకి ఎంత రక్తం పోతోందో చూస్తారట. తొందరగా పెరిగేది ఎక్కువ రక్తం తాగుతుంది. లోపల ఏ రసాయనం ఎంత ఉందో ఇంకో ఫొటో గీతల్లో చూపిస్తుంది, ఒక గీత లేచి ఒక గీత పడిపోతే మంచిది కాదట. మూడోది మాటల చోటు ఎక్కడుందో వెతికేది. దానికోసం ఆయన్ని పెదవి కదపకుండా మనసులోనే వస్తువుల పేర్లు అనుకోమన్నారు.

ఏమనుకున్నారని దారిలో అడిగాను. "టమాటాలు అమ్మాను. మంచి ధర పలికింది, మూడోసారి కూడా అన్నాను" అన్నారు. లోపల అన్ని మాటలూ ఉన్నాయట, బయటికి వచ్చేటప్పుడే గుమ్మం దగ్గర తోసుకుంటున్నాయట.

గ్రేడు వచ్చే వారం చెబుతారు. రాగానే రాస్తాను.

మీ మరదలు

జూన్ 25

అమ్మాయికి,

వాడు నీకు చెప్పలేదన్నమాట. మగవాళ్ళకి చెప్పాల్సినవి తప్ప అన్నీ గుర్తుంటాయి. నేనే చెబుతాను, విను.

మా నాన్న రోడ్లు వేసే పనికి ఏళ్ళకేళ్ళు దూరంగా ఉండేవాడు. ఒకసారి అమ్మ ఉన్నదున్నట్టు రాసేసింది, అమ్మాయికి జ్వరం బాగా ఎక్కువగా ఉందని. ఆయన పని వదిలేసి, బళ్ళు దొరక్క సగం దారి నడిచి వచ్చాడు. వచ్చేసరికి నేను వాకిట్లో బిళ్ళంగోడు ఆడుతున్నాను. తిరిగి వెళ్తే పని లేదు. ఆ సంవత్సరం ఎలా బతికామో నీకు చెప్పినా అర్థం కాదు. అప్పటినుంచీ అమ్మ ఒక కట్టుబాటు పెట్టింది. దూరాన ఉన్నవాళ్ళ మనసు గోరంతను కొండంత చేసుకుంటుంది, అందుకని రాసేవాళ్ళు కొండంతను గోరంత చెయ్యాలి. చెడ్డవార్త సగమే రాయాలి. చదివేవాళ్ళు మనసులో రెట్టింపు చేసుకుంటారు, పైకి మాత్రం రాసినంత మాటే అంటారు. అమ్మ "కాస్త నలతగా ఉంది" అని రాసిందంటే మేము మూట కట్టుకునేవాళ్ళం. నేను బడి నుంచి "వేలు తెగింది" అని రాస్తే వాడు రాత్రికి రాత్రి బండెక్కి వచ్చాడు. వచ్చి చూస్తే చెయ్యి కట్టులో ఉంది. మా ఇంట్లో ఎప్పుడూ ఎవరూ పొరపాటు పడలేదు.

నువ్వేమో నెమ్మదిగా పెరిగే రకం అని రాశావు. అది సగమైతే మొత్తం ఏమిటో నువ్వే చెప్పు. నా స్థానంలో ఉంటే నువ్వూ మంచం కిటికీ దగ్గరకి జరిపించేదానివి.

ఈ ఇంటికి వచ్చావు, ఈ ఇంటి రాత నేర్చుకో. నేర్పేవాళ్ళు లేకపోతే నీ తప్పు కాదు, నేర్పాక కూడా రాకపోతే నీ తప్పే. చెడు సగం రాయి. తారీకు పైన వెయ్యి. కొట్టివేతలు వద్దు. కాగితం మీద నీళ్ళ చుక్కలు పడితే ఆ కాగితం పక్కన పెట్టి ఇంకోటి తీసుకో, కిందటి దాంట్లో నాలుగు మాటలు అలుక్కుపోయాయి.

గ్రేడు రాగానే రాయి.

అక్క

జూన్ 26

అమ్మాయికి,

ఈ ఉత్తరం టోపీ మడతలో పెట్టి పంపుతున్నాను. ఆపరేషన్ చేస్తే జుట్టు తీసేస్తారు కదా, మెత్తటి ఉన్నితో అల్లాను. ఇంటికి పంపితే కిందటిసారిలాగే నువ్వు కొత్త మనిషికి తలుపు తియ్యవు, పార్సిలు తిరిగొస్తుంది. అందుకని మార్కెట్‌కి, గుమాస్తా చేతికి అందేలా పంపుతున్నాను.

కిందటి ఉత్తరం పంపాక నాకు నిద్ర పట్టలేదు. నీది మళ్ళీ తీసి చదివాను. ఆ చప్పుడు, ఆ మూట, గడ్డ బుద్ధి, టమాటాలు. నేను అక్కడే ఆ బల్ల మీద నీ పక్కన కూర్చున్నట్టుంది. అమ్మ రాసిన ఏ ఉత్తరంలోనూ నాకలా అనిపించలేదు. ఆవిడ ఉత్తరాలన్నీ తలుపు సందులోంచి చూడటమే.

నా రెట్టింపు వల్ల వాడు మూడు పూటలు పస్తున్నాడు. చాలు. కిందటి ఉత్తరం పొయ్యిలో పెట్టు. నువ్వు ఉన్నదున్నట్టే రాయి, నేను ఉన్నదున్నట్టే చదువుతాను. ఇప్పటినుంచి నీకూ నాకూ మధ్య ఆ లెక్క లేదు. నిన్ను అనకూడని మాట కూడా అన్నాను, కళ్ళ గురించి. అదీ పొయ్యిలో పెట్టు.

అక్క

జూలై 2

వదినగారికి నమస్కారాలు.

మీరు చెప్పినవన్నీ గుర్తుపెట్టుకుని రాస్తున్నాను. ముందు చిత్తు రాసుకుని ఇది ఎత్తి రాశాను. కొట్టివేతలు లేవు.

డాక్టరు పిలిచారు. కొత్త ఫొటోలు గోడకి తగిలించి చూపించారు. గడ్డ కొంచెం రక్తం తాగుతోందట. గీతలు కొద్దిగా తేడాగా ఉన్నాయట. రెండో గ్రేడు అనుకుంటున్నారు. ముక్క తీసి పరీక్ష చేస్తే గానీ ఖాయంగా చెప్పలేమని, కానీ ఈ ఫొటోలు చాలావరకు తప్పు చెప్పవని అన్నారు. గడ్డకీ మాటల చోటుకీ మధ్య ప్రస్తుతానికి సందు ఉంది, అందుకని ఆపరేషన్ కాస్త తొందరలో చేస్తే బావుంటుందన్నారు.

మీ తమ్ముడు డాక్టరుతో వాదించారు. "బస్తా విప్పకుండా లోపలి సరుకు ఏమిటో ఎలా చెబుతారండీ? నేను ఇరవై ఏళ్ళుగా బస్తాలు వేలం వేస్తున్నాను. పైన మంచివి పేర్చి, కింద కుళ్ళినవి పోస్తారు" అన్నారు. ఈ మాటలన్నీ చెప్పడానికి ఆయనకి చాలాసేపు పట్టింది. డాక్టరు ఓపిగ్గా విన్నారు. "ఈ మిషను బస్తా అడుగు కూడా చూస్తుంది" అన్నారు. అయినా ఈయన, "మా అక్క ఏమంటే అది" అనే లేచారు.

నేను ధైర్యంగానే ఉన్నాను. కొంచెం నిద్ర తక్కువైంది, అంతే. మీ జవాబు కోసం చూస్తుంటాము.

మీ మరదలు

జూలై 10

అమ్మాయికి,

నేను పంపింది అందినట్టుంది, నీ రాతలో తేడా తెలుస్తోంది. ఇలాగే రాస్తుండు. మనసు తేలికపడింది.

రెండే కదా. మా బడి నర్సుని కూర్చోబెట్టి అడిగాను. రెండంటే నెమ్మదిగా నడిచేదే, డాక్టరు మరీ తొందరపెట్టకపోతే కొన్ని వారాలు అటూ ఇటూ అయినా కొంప మునగదు అంది. నీ డాక్టరూ కాస్త తొందరలో అన్నాడు తప్ప రేపే అనలేదు.

ఆగస్టు ఆఖరున మా బడికి సెలవులిస్తారు. తాళాలు అప్పగించి వచ్చేస్తాను. నేను పక్కన ఉండగా చేయించుకుంటాడు, చిన్నప్పుడు పన్ను పీకించుకోవడానికే నా కొంగు వదలలేదు. నువ్వు ఒక్కదానివి డాక్టర్లతో ఏం మాట్లాడతావు, ఎక్కడ సంతకం పెట్టమంటే అక్కడ పెడతావు. అప్పటిదాకా కత్తి వద్దు. ఇది నా మాటని వాడికి చెప్పు.

వాణ్ణి మార్కెట్‌కి వెళ్ళనివ్వు. ఇంట్లో కూర్చుంటే మాట ఇంకా తుప్పుపడుతుంది.

అక్క

జూలై 18

వదినగారికి నమస్కారాలు.

మీ మాట మీ తమ్ముడికి చదివి వినిపించాను. ఆయన ఉత్తరం చేతిలోకి తీసుకుని రెండుసార్లు చూసి మడిచి జేబులో పెట్టుకున్నారు. మళ్ళీ ఒకసారి మిమ్మల్ని అడుగుదామా అన్నాను. "అక్కకి లెక్క తెలుసు. నువ్వు ఎలా రాసినా ఎలా చదవాలో అలాగే చదువుతుంది. చదివే ఆగమంది. అక్కని రెండోసారి అడగం" అన్నారు. ఈ మాటలు చెప్పేటప్పుడు ఒక్కటి కూడా తడబడలేదు.

మర్నాడు మీ ఉత్తరం డాక్టరు బల్ల మీద పెట్టారు. డాక్టరు చదివి, పెన్నుకి మూత పెట్టి, "ఈవిడకి సంగతంతా తెలుసా?" అని నన్ను అడిగారు. తెలుసండీ అన్నాను. "తెలిసే ఆగమన్నారా?" అన్నారు. నేను నేల చూశాను. ముందొకసారి కూడా కత్తి వద్దన్నారు, మంచం కిటికీ దగ్గరకి జరపమన్నారు. అది మీరు పొరపాటున అన్నారనుకున్నాను. ఇప్పుడు అంతా తెలిసి అంటున్నారు. పెద్దవారు, పెంచినవారు. మీకు లేని తొందర నాకుంటే అది నా చిన్నతనమే అనుకుంటారు.

ఆపాము. మంచం కూడా జరిపాను.

మీ మరదలు

జూలై 27

అమ్మాయికి,

నీ ఉత్తరంలో ఈ పుల్లవిరుపు ఏమిటి? అంతా తెలిసి ఆగమన్నానా? తెలియకుండా ఆగమనడానికి నేనేమన్నా పరాయిదాన్నా? కొన్ని వారాలు ఓపిక పట్టమంటే మంచం జరిపానని రాస్తావా? నీ నోట్లో నాలుక లేదనుకున్నాను, కాగితం మీద మాత్రం బాగానే ఉంది.

వాడు బావున్నాడా లేదా అన్న ముక్క రాయలేదు. మాట ఎలా ఉంది? మార్కెట్‌కి వెళ్తున్నాడా?

టోపీ గురించి కూడా ఒక్క మాట లేదు. పిల్లల మేజోళ్ళు కుట్టి కుట్టి చూపు మందగించిన కళ్ళతో కూర్చుని అల్లాను. అందిందని రాస్తే చెయ్యి అరిగిపోతుందా?

అక్క

ఆగస్టు 6

వదినగారికి నమస్కారాలు.

ఏ టోపీ? ఇక్కడికి ఏ పార్సిలూ రాలేదు. జూన్ ఆఖరువారంలో మీ ఇంటి రాత నేర్పుతూ ఉత్తరం రాశారు, ఆ తర్వాత జూలై పదిన ఆగమని రాశారు, ఇప్పుడు ఇది. మధ్యలో మీ దగ్గర్నుంచి నాకింకేమీ అందలేదు.

ఎలా ఉన్నారని అడిగారు. మాటలు కొంచెం తగ్గాయి. కుడిచెయ్యి కాస్త బరువుగా ఉందంటారు. మార్కెట్లో వేలం పాట మానిపించి గేటు దగ్గర కూర్చోబెట్టారు.

మీ మరదలు

ఆగస్టు 13

అమ్మా,

టోపీ రాలేదా? టోపీలో ఉత్తరం ఉంది. సగం రాయొద్దని, ఉన్నదున్నట్టు రాయమని, నేనిక రెట్టింపు చెయ్యనని అందులో రాశాను. అది అందే నువ్వు గ్రేడు సంగతి రాశావనుకున్నాను. రాసింది రాసినట్టే చదివాను.

నువ్వు రెండు అని రాశావు. డాక్టరు అన్నది నాలుగా? నాలుగేనా? కాస్త తొందరలో అంటే వెంటనే అనా? కొంచెం తగ్గాయి అంటే మాట్లాడటమే లేదా?

ఆగొద్దు. నా మాట లేదు, ఏమీ లేదు. ఇప్పుడే ఆస్పత్రికి తీసుకెళ్ళు. డాక్టరు ఏం చెయ్యమంటే అది చెయ్యి. ఆఫీసు నుంచి వాడి ఫోన్‌కి చేస్తే మోగి మోగి ఆగిపోతోంది. నా తాళాలు తీసుకునే మనిషి రేపటికి గానీ రాదు. ఈ ఉత్తరం సరుకుల బండివాడికిచ్చి, ఊళ్ళో దిగగానే పోస్టులో వెయ్యమని పంపుతున్నాను. దీని వెనకే నేనూ వస్తున్నాను.

అక్క

సెప్టెంబరు 20

వదినగారికి,

మీరు వచ్చారు, పన్నెండు రోజులున్నారు, వెళ్ళారు. ఆ పన్నెండు రోజులూ మనిద్దరం మందుల వేళలు తప్ప ఏమీ మాట్లాడుకోలేదు. నర్సు మనల్ని చూసి, తోటికోడళ్ళా అని అడిగింది. ఇప్పుడు కార్డు మీద ఒక్క ముక్క రాశారు, ఎలా ఉన్నాడు అని. ఎదురుగా ఉన్నప్పుడు నాకు గొంతు రాలేదు. కాగితం మీద చెబుతాను.

మీ ఆఖరి ఉత్తరం వచ్చేసరికి ఇంటికి తాళం వేసి ఉంది. దానికి రెండు రోజుల ముందు గేటు దగ్గర కుర్చీలోంచి పడి మూర్ఛతో కొట్టుకున్నారు. గుమాస్తా బస్తాల బండి మీదే ఆస్పత్రికి తెచ్చాడు. అక్కడ కాగితం మీద సంతకం ఎవరు పెడతారన్నారు. నేను పెట్టాను. ఎవరినీ అడగలేదు. జూలైలో కూడా ఆ బల్ల, ఆ పెన్ను, ఆ డాక్టరు అక్కడే ఉన్నారు.

డాక్టరు మీకు చెప్పింది మీరు విన్నారు. నాకు వేరేగా చెప్పింది ఇది. పాత ఫొటో, కొత్త ఫొటో పక్కపక్కన పెట్టారు. పాతదాంట్లో గడ్డకీ మాటల చోటుకీ మధ్య వేలెడు సందు. కొత్తదాంట్లో సందు లేదు. తియ్యగలిగినంత తీశామని, మాటల మీద కూర్చున్నదాన్ని వదిలేశామని అన్నారు. ముక్క పరీక్షలో నాలుగే వచ్చింది. ఆ మిషను జూన్‌లోనే ఆ సంగతి చెప్పింది, తల మీద గాటు కూడా పడకుండానే చెప్పింది. దానికి ఎవరి మనసు నొచ్చుకుంటుందో తెలీదు కాబట్టి సగం చేసి చెప్పలేదు.

తప్పెవరిదని మీరు వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర నిలబడి గోడని అడిగారు. నేను విన్నాను. మీరు నేర్పారు, నేను నేర్చుకున్నాను. మీరు మానేశారు, ఆ సంగతి టోపీకి చెప్పారు. నేను తలుపు తియ్యనని అది మార్కెట్‌కి వెళ్ళింది. ఆయనకి మీ మీద నమ్మకం, నాకు నోరు లేదు. ఇందులో ఎవరి వాటా ఎంతో పాడటానికి వేలం వేసే మనిషి లేరు.

ఆ పార్సిలు మొన్న దొరికింది. గుమాస్తా గదిలో ఖాళీ సంచుల కట్ట కింద ఉందట. మీ తమ్ముడు ఒంట్లో బాగాలేక మార్కెట్‌కి వెళ్ళని రోజుల్లో వచ్చిందట, ఆయన పేరున ఉందని ఎవరూ విప్పలేదు, ఇంటికి పంపడం ఎవరికీ తోచలేదు. మీ ఉత్తరం చదివాను. నన్ను అంత మంచిమాట అన్నవాళ్ళు నా జన్మలో లేరు. దాన్ని పొయ్యిలో పెట్టాను. మీరు పెట్టమన్నది ఇంకోదాన్నని తెలుసు, అది మాత్రం దాచుకున్నాను.

టోపీ సరిగ్గా సరిపోయింది. కుట్లు కనిపించకుండా చెవుల దాకా వస్తుంది.

ఇక ఆయన సంగతి. మిగిలిన గడ్డకి రేడియేషన్ కరెంటు పెట్టించడానికి రోజూ పొద్దున ఆస్పత్రికి తీసుకెళ్తాను. రిక్షావాడితో, చీటీలిచ్చే కిటికీ దగ్గర, డాక్టరుతో నేనే మాట్లాడుతున్నాను. ఇంట్లో మాట్లాడే మనిషి లేకపోయేసరికి నాకు మాటలొచ్చాయి. కుడిచెయ్యి రాదు. ఎడమ చేత్తో తింటారు. నన్ను చూస్తే తెలుసు, పేరు లేదు. మీ ఫొటో చూపిస్తే బొటనవేలితో రుద్దుతారు, అదీ పేరు లేదు. డాక్టరు ఎన్నాళ్ళో చెప్పారు. వచ్చే ఏడాది మీ బడి తెరిచేనాటికి ఉండరట.

మధ్యాహ్నం కిటికీ దగ్గర కూర్చుంటే ఒక్కోసారి వీధిలో సైకిలో, కుక్కో, నీళ్ళ బిందె మోసుకెళ్ళే మనిషో కనిపిస్తే చెయ్యి ఎత్తుతారు. "ఒకటోసారి" అంటారు. అది స్పష్టంగా, మార్కెట్ గొంతుతో, పక్కింటివాళ్ళకి వినపడేలా వస్తుంది. "రెండోసారి" అంటారు. ఆపైన ఆగి నా మొహం చూస్తారు. గొడుగు కూడా రాదు. ఆ మాట నేను అందించాలని ఆయన చూపు. నాకు తెలుసు, నేను అందించను. ఎత్తిన చెయ్యి దానంతట అదే దిగేదాకా ఇద్దరం అలాగే ఉంటాము.

ఇది ఉన్నది ఉన్నట్టు రాశాను వదినగారూ. అలవాటు కొద్దీ రెట్టింపు చేసి చదవకండి. చేస్తే ఆయన మిగలరు.

మరదలు